మన పూలు ఏవి? సోహార్‌లో ఒక పెళ్ళి, ఒక చీటీ

ఈసారి చరిత్ర రాస్తున్నాను. రాజుల చరిత్ర కాదు, పూల చరిత్ర. దీనికి కారణం ఒక చీటీ.

ఏప్రిల్ చివర, వైశాఖంలో, మా అక్క పెళ్ళి ఇక్కడ సోహార్‌లోనే జరిగింది. చిన్న హాలు, చుట్టాలు తక్కువ, నాన్న ఫ్యాక్టరీ స్నేహితులు ఎక్కువ. మార్చిలోనే అమ్మమ్మ కడియం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే ఒక కాగితం తీసుకుని పూల జాబితా రాసి నా చేతిలో పెట్టింది. ఇంట్లో తెలుగు చేతిరాత చదవాలని సరదా పడేది నేనొక్కదాన్నే. అందుకని పూల పని నాకు వచ్చింది.

చీటీ చదవడానికి నాకు పావుగంట పట్టింది. అందులో ఇలా ఉంది: మల్లెలు, కనకాంబరాలు, బంతిపూలు, చామంతులు, లిల్లీలు, గులాబీలు, మరువం. కింద మామిడాకులు, తమలపాకులు, పన్నీరు. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో "మన పూలు" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది. అంటే, హాలు వాళ్ళు చూపించిన ప్లాస్టిక్ పూలూ తెల్ల ఆర్కిడ్లూ వద్దని అర్థం.

నేను ఏ మాట నేర్చుకున్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతాను. మీలో చాలామందికి ఈ జబ్బు ఉందని తెలుసు. అలాగే ఈ ఏడు పూల గురించీ వెతికాను. వెతికిన కొద్దీ ఆ రెండు గీతల మీద నాకు అనుమానం పెరిగింది.

బంతి

ముందు బంతిపువ్వు. తెలుగు పెళ్ళి అంటే నా కళ్ళకి కనిపించేది పసుపు, నారింజ రంగు బంతిపూల దండలే. గుమ్మానికి బంతి, మండపానికి బంతి, కారుకి బంతి.

ఈ మొక్క మెక్సికోది. అక్కడి ఆజ్‌టెక్ ప్రజలు దాన్ని పూజలో, మందులో వాడేవారు. ఇప్పటికీ అక్కడ నవంబరు మొదట్లో చనిపోయిన వాళ్ళని తలుచుకునే పండుగకి సమాధుల మీద ఈ పూలే పరుస్తారు. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటకముందు మన వైపు ఒక్క బంతిమొక్క కూడా లేదు. మిరపకాయ, టమాటా, వేరుశెనగ లాగే ఇది కూడా ఆ తర్వాత ఓడల మీద వచ్చింది.

ఆ కాలంలో హిందూ మహాసముద్రంలో తిరిగిన యూరప్ ఓడల్లో ముఖ్యమైనవి పోర్చుగీసు వాళ్ళవి. సోహార్‌లో పెరిగిన పిల్లలకి ఈ కథ స్కూల్లోనే తెలుస్తుంది. 1507లో అల్బుకర్క్ ఓడలు ఈ తీరానికి వచ్చాయి. సోహార్ లొంగిపోయింది. 1643లో ఇమామ్ నాసిర్ బిన్ ముర్షిద్ సైన్యం వాళ్ళని ఇక్కడి నుంచి వెళ్ళగొట్టింది. మా ఇంటి నుంచి కార్లో కాసేపట్లో చేరుకునే ఆ తెల్ల కోటలో పోర్చుగీసు సైనికులు ఉన్న కాలమూ, బంతిపువ్వు మన దేశంలో ఇంటి పువ్వుగా మారిన కాలమూ ఇంచుమించు ఒకటే.

విచిత్రం ఏమిటంటే, పువ్వు పరాయిది అయినా పేరు పరాయిది కాదు. బంతిలా గుండ్రంగా ఉంది కాబట్టి బంతిపువ్వు అన్నారు. మెక్సికో పేరు ఎవరూ మోసుకు రాలేదు. మన వాళ్ళు చూశారు, తమకి తోచిన పేరు పెట్టారు, వాడుకున్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పెళ్ళి పనుల గురించి మాట్లాడుతూ అమ్మమ్మ "రెండో బంతికి పప్పు సరిపోతుందా?" అంది. నేను పువ్వుకి పప్పు ఎందుకు అని అడిగాను. ఇల్లంతా నవ్వింది. భోజనానికి వరసగా కూర్చునేదాన్ని కూడా బంతి అంటారట. అది సంస్కృతంలో పంక్తి అనే మాట నుంచి వచ్చింది. ఆడుకునే బంతి, పూసే బంతి, కూర్చుని తినే బంతి. మూడూ రాసుకోండి.

చామంతి, లిల్లీ, మరువం

చామంతిని కొందరు సేవంతి అని కూడా అంటారు. దాన్ని మొదట పెంచింది చైనాలో. అక్కడి కవులూ తోటమాలులూ వెయ్యేళ్ళకి పైగా దాన్ని ప్రేమగా పెంచుకున్నారు.

లిల్లీ విషయంలో ఇంకో తమాషా ఉంది. కోస్తాలో పెళ్ళి దండల్లో లిల్లీ అని పిలిచే తెల్లటి పొడుగు మొగ్గ నిజానికి లిల్లీ కాదు. హిందీలో దాన్నే రజనీగంధ అంటారు. రాత్రి వాసన ఎక్కువ. అది కూడా మెక్సికోదే. ఇంగ్లీషు పేరు పెట్టుకున్న మెక్సికో పువ్వు, మా అమ్మమ్మ దృష్టిలో పక్కా గోదావరి జిల్లా పువ్వు.

మరువం పువ్వు కాదు, ఆకు. కనకాంబరాల మధ్య పచ్చగా కట్టి పెడితే దండకి వాసన వస్తుంది. దాని సొంత ఊరు సైప్రస్, టర్కీ వైపు, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల. కానీ సంస్కృతంలో కూడా దానికి మరువకం అని పేరు ఉంది. అంటే చాలా పాత చుట్టం.

ఇప్పటికి లెక్క చూడండి. బంతి, లిల్లీ మెక్సికో. చామంతి చైనా. మరువం మధ్యధరా. మిగిలినవి మల్లె, కనకాంబరం, గులాబీ.

గులాబీల కోసం ఒక రాయబారి

గులాబీ దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగిపోయాను, ఎందుకంటే ఆ కథలో ఒమాన్ తీరం ఉంది.

1442లో హెరాత్ నుంచి అబ్దుర్ రజాక్ అనే రాయబారి బయలుదేరాడు. తైమూరు కొడుకు షారుఖ్ అతన్ని దక్షిణ భారతదేశానికి పంపించాడు. హొర్ముజ్‌లో ఆలస్యం అయింది. గాలి అనుకూలంగా ఉండే కాలం దాటిపోయింది. దానితో మస్కట్ చుట్టుపక్కల ఎండల్లో చిక్కుకుపోయాడు. ఆ వేడి గురించి అతను రాసినవి చదివితే సోహార్‌లో జూన్ నెల చూసిన ఎవరికైనా నవ్వూ జాలీ రెండూ వస్తాయి. ఆ తర్వాత ఖల్‌హాత్ రేవు నుంచి ఓడ ఎక్కి కాలికట్ చేరాడు. 1443లో విజయనగరం వెళ్ళాడు.

అప్పుడు అక్కడ రాజు రెండో దేవరాయలు. శ్రీనాథుడికి కనకాభిషేకం చేశాడని మనవాళ్ళు చెప్పుకునే ప్రౌఢ దేవరాయలు ఆయనే. అబ్దుర్ రజాక్ ఆ ఊరి ఏడు ప్రాకారాల గురించి, బజార్ల గురించి, ఏనుగుల గురించి రాశాడు. వాటితో పాటు పూల గురించి కూడా రాశాడు. ఊరంతా గులాబీలు అమ్ముతారని, అక్కడి జనానికి పూలు కూడా అన్నం లాంటివేనని, అవి లేకుండా ఉండలేరని అతనికి అనిపించింది. గులాబీ తోటలకి పేరున్న పారశీక ప్రపంచం నుంచి వచ్చిన మనిషి ఆశ్చర్యపోయాడంటే, ఆ బజారు ఎలా ఉండేదో ఊహించండి.

ఒక్క జాగ్రత్త. ఆ బజారుని మనసులో బొమ్మ గీసుకునేటప్పుడు బంతిపూలు వేయకండి. అవి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాయి.

ఇప్పుడు మాట చూద్దాం. గులాబీ అనే మాట పారశీకం. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. గులాబ్ అంటే పూలనీరు, అంటే మనం పన్నీరు అనేది. మనకి పువ్వు పేరు స్థిరపడింది ఆ పువ్వు నుంచి తీసిన నీటి పేరుతో. పిల్లని తల్లి పేరుతో కాకుండా, తల్లిని పిల్ల పేరుతో పిలిచినట్టు.

పన్నీరు

పన్నీరు మన తీరానికి కొత్త సరుకు కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. అంతకుముందు రాజులు తుఫానులో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు ఇక మీదట అలా చేయమని, ముప్ఫయిలో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకి అభయం ఇచ్చాడు. అందుకే దాన్ని అభయశాసనం అంటారు.

ఆ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల పట్టిక ఉంది. మంచి గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, రాగి, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. వాటి మధ్యలో పన్నీరు. ఆ పట్టిక చదివినప్పుడు నాకు అమ్మమ్మ చీటీ గుర్తొచ్చింది. గంధం, కర్పూరం, పట్టు, పోకచెక్క, పన్నీరు. 1244 నాటి పన్నుల పట్టికలో సగం పెళ్ళి సామానే!

మా ఇంట్లో పన్నీరు అంటే ఒక వెండి బుడ్డి. పొడుగు మెడ, చివర చిన్న చిన్న రంధ్రాలు. పెళ్ళికి వచ్చినవాళ్ళ మీద గుమ్మం దగ్గరే చిలకరిస్తారు. అమ్మమ్మ దాన్ని చీర మడతల్లో చుట్టి తెచ్చింది. దాన్ని చూసి మా పక్కింటి ఒమానీ ఆవిడ "మా ఇంట్లో కూడా ఉంది" అని తన బుడ్డి తెచ్చి చూపించింది. అరబీలో దాని పేరు మిరష్. రెండూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

ఒమాన్‌లో పన్నీరు జబల్ అఖ్దర్ నుంచి వస్తుంది. ఆ పేరుకి పచ్చని కొండ అని అర్థం. సుమారు 2000 మీటర్ల ఎత్తున మెట్లు మెట్లుగా ఉన్న పొలాల్లో గులాబీలు పూస్తాయి. మార్చి చివర నుంచి మే మొదటి వరకు కోత. తెల్లవారుజామునే కోసి, మట్టి పొయ్యిల మీద కుండల్లో కాచి, ఆవిరిని చల్లార్చి నీరు పట్టుకుంటారు. పాత పద్ధతిలో కాచిన పన్నీరుకి కాస్త పొగ వాసన ఉంటుంది. అక్క పెళ్ళి సరిగ్గా ఆ కోత రోజుల్లో వచ్చింది. జాబితాలో "పన్నీరు" ఎదురుగా నేను టిక్కు పెట్టిన మొదటి వస్తువు అదే.

సోహార్ ఎక్కడ ఉంది?

పటంలో కాదు, చరిత్రలో అడుగుతున్నాను. పదో శతాబ్దం చివర అల్ ముఖద్దసి అనే భూగోళ రచయిత సోహార్‌ని ఒమాన్‌కి ముఖ్య పట్టణంగా వర్ణించాడు. చైనాకి వెళ్ళే దారికి ఇది గుమ్మం లాంటిదని, తూర్పు దేశాల సరుకుకి గిడ్డంగి లాంటిదని అన్నాడు. ఇప్పుడు పెద్ద పోర్టు ఉంది కాబట్టి మాకు అది వింతగా అనిపించదు.

సరుకుతో పాటు మాటలు కూడా ప్రయాణం చేశాయి. అరబీలో కొబ్బరికాయని నార్జీల్ అంటారు. మన నారికేళం పక్కన పెట్టి చూడండి. తమలపాకు తంబూల్. మన తాంబూలం. ఒమాన్‌లో మామిడిపండుని చాలామంది అంబా అంటారు. మరాఠీ వాళ్ళు కూడా ఆంబా అనే అంటారు. చిల్లర డబ్బుల పేరు బైస. అది మన పైసానే. 1970లో సొంత రియాల్ వచ్చేవరకు ఇక్కడ రూపాయలు నడిచాయి. 1959 నుంచి భారతీయ రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా అచ్చు వేసిన రూపాయలు కూడా ఉండేవి. అంటే మా పక్కింటి తాతగారు చిన్నప్పుడు సోహార్ సంతలో మామిడిపళ్ళు రూపాయలకి కొని ఉంటాడు.

బాతినా తీరం అంతా ఖర్జూరాలు, అరటి, మామిడి, నిమ్మ తోటలు. అందుకని చీటీలో మామిడాకులకి ఇబ్బంది రాలేదు. పక్కింటివాళ్ళ తోటలో రెండు పెద్ద మామిడి చెట్లు ఉన్నాయి. తోరణం అంటే ఏమిటో నేను నా అరబీలో చెప్పడానికి కష్టపడుతుంటే, ఆయన మొత్తం విని, నిచ్చెన తెచ్చి కొమ్మలే కోసి ఇచ్చాడు. అడగకుండానే రెండు అరటి బోదెలు కూడా ఇచ్చాడు.

మల్లె ప్రయాణం

మల్లె మాత్రం మన ప్రాంతపు పువ్వే. దక్షిణాసియాలో పుట్టింది. ఇక్కడ అరబీలో దాన్ని ఫుల్ అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు జాస్మినం సాంబాక్. 1753లో లిన్నేయస్ వాడిన ఈ సాంబాక్ అనే మాట అరబీలోని జంబక్ నుంచి వచ్చింది. పాత కాలంలో ఆ మాటని మల్లెజాతి పూల నూనెకి వాడేవారు. అంటే మన పువ్వుకి శాస్త్రంలో ఉన్న పేరు అరబ్బు వర్తకుల నూనె సీసా మీద పేరు. గులాబీకి నీటి పేరు, మల్లెకి నూనె పేరు.

మల్లెకి ఒక కష్టం ఉంది. అది సాయంత్రం విచ్చుకుంటుంది, మర్నాటికి వాడిపోతుంది. కాబట్టి తెల్లవారకముందే, మొగ్గగా ఉన్నప్పుడే కోయాలి. ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో సర్ది విమానం ఎక్కించాలి. మస్కట్‌లో దిగాక సోహార్‌కి ఇంకా 200 కిలోమీటర్లకి పైగా రోడ్డు. పెట్టె ఆలస్యమైతే మొగ్గలు దారిలోనే విచ్చుకుంటాయి. తర్వాత దండ కట్టినా నిలవవు.

మొదటి పెట్టె అలాగే పాడైంది. పెళ్ళికి రెండు రోజుల ముందు మూత తీస్తే లోపల గోధుమ రంగు ముద్ద. అక్క ఏడ్చింది. నాన్న ఇంకో ఆర్డరు ఇచ్చారు. అమ్మమ్మ మాత్రం ఆ ముద్దలోంచి ఒక్కొక్కటే ఏరి, బాగున్న మొగ్గలు ఒక గిన్నెడు తీసింది. "కడియపులంక సంతలో ఇంతకంటే చెత్త చూశాను" అంది.

కడియం గురించి తెలియని వాళ్ళకి ఒక మాట. రాజమండ్రి పక్కన, గోదావరి నీళ్ళతో బతికే ఊరు. మైళ్ళ కొద్దీ నర్సరీలు. అక్కడి మొక్కలు లారీలెక్కి దేశమంతా వెళ్తాయి. పక్కనే కడియపులంకలో పూల మార్కెట్. అమ్మమ్మ చిన్నప్పటి నుంచి ఆ వాసనల మధ్య పెరిగింది.

ఆ రాత్రి నేను నా లెక్క ఆమెకి చెప్పాను. ఏడింటిలో ఐదు బయటి నుంచి వచ్చినవని, మల్లె, కనకాంబరం మాత్రమే మనవని. ఆమె మొగ్గలు కడుతూనే విన్నది. తర్వాత అడిగింది: "ఆ బంతి వచ్చి ఎన్నేళ్ళయిందన్నావు?"

"నాలుగైదు వందల ఏళ్ళు."

"అన్నేళ్ళు కడియం నీళ్ళు తాగింది కదే. ఇంకా పరాయిది ఏంటి?"

నా దగ్గర జవాబు లేదు. నేను సోహార్‌లో పుట్టాను. అమ్మమ్మ దృష్టిలో నేను కడియం పిల్లనే. ఆ లెక్క ప్రకారం నాకు కూడా అభ్యంతరం చెప్పే హక్కు లేదు.

ఎవరు కడతారు, ఎవరు పెట్టుకుంటారు

తెలుగులో పూలకి ఎన్ని క్రియలో గమనించారా? పూలు కోస్తారు, ఏరుతారు, గుచ్చుతారు, కడతారు, అల్లుతారు. దండ వేసుకుంటారు. జడలో మాత్రం పెట్టుకుంటారు, లేదా తురుముకుంటారు. నేను చాలాకాలం "పూలు వేసుకున్నాను" అనేదాన్ని.

అమ్మమ్మకి మొదటి క్రియలన్నీ వచ్చు. చివరి క్రియ ఆమె వాడదు. తాతయ్య పోయి పన్నెండేళ్ళు అయింది. పదో రోజున ఆమె తలలో పూలు తీసేశారు. అప్పటి నుంచి మళ్ళీ పెట్టుకోలేదు. మూరల కొద్దీ కడుతుంది, పక్కకి పెడుతుంది.

అక్క ఒక పట్టు పట్టింది. తన పూలజడ అమ్మమ్మే వేయాలని. చుట్టాల్లో ఒకావిడ ఫోన్లోనే అభ్యంతరం చెప్పింది. పూలజడ ముత్తయిదువు వేయాలట. భర్త పోయిన మనిషి చేయి శుభకార్యంలో పడకూడదట. అమ్మమ్మ వాదించలేదు. "ఆవిడ చెప్పింది నిజమే, మీ అమ్మ వేస్తుంది" అని లేచి వెళ్ళిపోయింది.

నేను చరిత్ర చదివేది ఇలాంటి చోటే పనికి రావాలి అనుకున్నాను. పెళ్ళి పూల గురించి మన సాహిత్యంలో ఎంతో పేరున్న కథ గోదాదేవిది. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. ఆయన రాసిన కావ్యం పేరు ఆముక్తమాల్యద. తాను ధరించి విడిచిన మాలని ఇచ్చిన అమ్మాయి అని ఆ పేరుకి అర్థం. తండ్రి దేవుడి కోసం కట్టిన దండని ఆమె ముందు తాను వేసుకుని చూసుకునేది. అది తప్పని తండ్రి భయపడ్డాడు. దేవుడికి మాత్రం ఆ దండే కావాలి. చివరికి ఆమెకి శ్రీరంగనాథుడితో పెళ్ళి జరుగుతుంది. పూల విషయంలో ఎవరు తాకవచ్చు, ఎవరు తాకకూడదు అనే ప్రశ్న మనకి కొత్త కాదు. ఆ కథలో తాకిన అమ్మాయే గెలిచింది.

రెండో కథ అమ్మమ్మ ఊరి పక్కదే. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కానీ చట్టం వచ్చినంత మాత్రాన పెళ్ళిళ్ళు జరగలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊళ్ళో చాలామంది ఎదురు తిరిగారు. వెలి వేస్తామన్నారు. పనివాళ్ళు, వంటవాళ్ళు రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేశారు.

ఆ పెళ్ళి గురించి చదివేటప్పుడు అందరూ చట్టం గురించి, ధైర్యం గురించి ఆలోచిస్తారు. నేను పూల గురించి ఆలోచించాను. ఆ పెళ్ళికూతురు కూడా చిన్న పిల్లే. ఒకసారి తలలోంచి తీసేసిన పూలు ఆ రోజు మళ్ళీ పెట్టి ఉంటారు. ఆ పూలు ఎవరు కట్టారో?

ఇదంతా నేను అమ్మమ్మకి చెప్పాను, నా వంకర తెలుగులోనే. కందుకూరి పేరు ఆమెకి నాకంటే బాగా తెలుసు. రాజమండ్రిలో ఆయన విగ్రహం ముందు నుంచి ఎన్నో సార్లు నడిచింది. అంతా విని ఇలా అంది: "చరిత్ర నీ పుస్తకంలో మారిందే. నా తలలో మారడానికి కాస్త టైం పడుతుంది."

పెళ్ళి రోజు

రెండో పెట్టె బాగానే వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి అక్క జడ ముందు వేసుకుని అమ్మమ్మ గది గుమ్మంలో కూర్చుంది. ఎవరితో ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి కూర్చుంది, అంతే. అమ్మమ్మ చాలాసేపు చూసింది. తర్వాత అమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక పక్క అమ్మ పట్టుకుంటే, అమ్మమ్మ అరటి నారతో కుట్టింది. మల్లెల వరస, మధ్యలో కనకాంబరాలు, అంచుకి మరువం. ఫోన్లో అభ్యంతరం చెప్పిన చుట్టం పెళ్ళికి వచ్చింది. జడ చూసి బాగుందంది. ఎవరు వేశారని అడగలేదు.

గుమ్మానికి సోహార్ మామిడాకులు. మండపానికి మెక్సికో బంతి, చైనా చామంతి. మెడలో మెక్సికో లిల్లీ దండలు, మధ్యలో గులాబీలు. చేతిలో జబల్ అఖ్దర్ పన్నీరు. అన్నీ చీటీలో ఉన్నవే. ఇప్పుడు నేను ఆ చీటీ మీద ఏ మాటా కొట్టేయను. ఆ రెండు గీతలు కూడా అలాగే ఉంచుతాను.

పన్నీరు బుడ్డి ఎవరు పట్టుకోవాలన్న మాట వచ్చినప్పుడు నేను అమ్మమ్మ చేతిలో పెట్టేశాను. వచ్చినవాళ్ళు తెలుగువాళ్ళు, మలయాళీలు, ఒమానీలు. అందరి మీదా చిలకరించింది. పక్కింటి ఆవిడ తన మిరష్ తెచ్చుకుని అమ్మమ్మ పక్కనే నిలబడింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు.

అక్క తన జడలోంచి ఒక చిన్న మల్లె తుంపు తీసి అమ్మమ్మ సిగలో పెట్టబోయింది. అమ్మమ్మ చేయి పట్టుకుని ఆపింది. తుంపుని మాత్రం తీసుకుంది. పారేయలేదు. కొంగు చివర ముడి వేసుకుంది.

పూలతో పాటు నారకి కూడా వాసన వస్తుందని మనవాళ్ళు అంటారు. ఆ రాత్రి అమ్మమ్మ పక్కన పడుకున్నాను. చీర కొంగు నా వైపే ఉంది. తెల్లవార్లూ మల్లెల వాసన.